సెలవు అడగబోయిన ఎర్రమల్లు

కాంస్యపురి కోట బురుజులకు కంచు తాపడం. మధ్యాహ్నపు ఎండ పడితే అవి కొలిమిలోంచి అప్పుడే తీసినట్టు భగభగా మెరుస్తాయి. ఆ బురుజుల కింద నీలపు సముద్రం, రేవులో తెరచాపలు ముడుచుకున్న ఓడలు, ఓడల ముందు రేవుకు అడ్డంగా ఏనుగు నడుమంత లావున ఇనుప గొలుసు. సముద్రద్వారం కాపలా గదిలో ఎర్రమల్లు వీటిలో దేన్నీ చూడడం లేదు. తన బల్లేన్ని ఆఖరిసారి చింతపండుతో తోముతున్నాడు.

"తోమింది చాల్లేరా! రేపటి నుంచి ఆ బల్లెం ఎవడు పట్టుకుంటే నీకేం?" అన్నాడు తోటి కాపలావాడు మాచడు.

"ఎలా పుచ్చుకున్నానో అంతకంటే శుభ్రంగా అప్పజెప్పాలి, మాచా. మా అవ్వ మాట అది."

"మీ అవ్వ మాటలు వింటూ కూచుంటే ఓడ వెళ్ళిపోద్ది. గోడ దూకి పోరాదూ?"

ఎర్రమల్లు తల అడ్డంగా ఊపాడు. వెళ్ళక తప్పదు, ఈ సాయంత్రం పోటుకే వెళ్ళాలి. గద్దలమెట్టను ఏలుతున్న అతడి అక్క గౌరసాని నిన్న ఒక బోయవాడితో కబురు పంపింది. "కరాళవర్మ మన కోట మీదికి వస్తున్నాడు. నువ్వు వచ్చి సేన పగ్గాలు పట్టకపోతే కోట నిలవదు, నేనూ మిగలను." సరుకుల ఓడలో చోటు కుదిరింది. అయితే ఉప్పు తిన్న ఇంటి గడపను చెప్పకుండా దాటినవాడి మాటకు గద్దలమెట్టలో విలువ ఉండదు. అలాంటివాడి వెనక ఒక్క సైనికుడూ నడవడు. అందుకే ఎర్రమల్లు నిన్ననే ద్వారనాయకుడికి చెప్పాడు. తన కాపలా వంతు మాచడికి ఒప్పజెప్పాడు. ఇక మిగిలింది రాజుగారి దర్శనం, సెలవు, తాంబూలం.

తాంబూలమే ముఖ్యం. గద్దలమెట్టలో కొలువు వదిలేవాడికి దొర తాంబూలం ఇస్తాడు. వాడు కళ్ళకద్దుకుని దొర ఎదుటే నములుతాడు. అంతే, ఋణం తీరింది. ఇక వాడిని ఎవరూ ఆపలేరు.

"సభలోకి ఇప్పుడు పోవచ్చా?" అని అడిగాడు.

"పో పో. ఇందాకే చూశా, సింహాసనం ముందర బంగారు పళ్ళెంలో తాంబూలం పెట్టి ఉంది. నీకోసమే కాబోలు!" అని మాచడు పళ్ళికిలించాడు.

సముద్రద్వారం దగ్గర ఎండకు ఎండి వానకు తడిసిన ఎర్రమల్లు కొలువుకూటంలో ఏనాడూ అడుగుపెట్టలేదు. అక్కడ ఎవరికి ఎందుకు తాంబూలం ఇస్తారో అతడికి తెలియదు. మాచడికీ తెలియదు.

*

పాలరాతి స్తంభాలకు పగడపు తీగలు, కప్పు నుంచి వేలాడే ముత్యాల జల్లులు, అడుగు పెడితే మునిగిపోయేంత మెత్తని తివాచీలు! ఎర్రమల్లు కళ్ళు చెదిరాయి. అంతకంటే ఆశ్చర్యం, సభలో చీమ చిటుక్కుమనడం లేదు. సేనానులు, సామంతులు, మీసాలు మెలివేసే మల్లులు అందరూ తలలు వంచుకున్నారు. సింహాసనం మీద విజయకేసరి మహారాజు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

'ఒక్క కాపలావాడు వెళ్ళిపోతుంటే ఇంత దుఃఖమా!' అనుకున్నాడు ఎర్రమల్లు.

రాజు పిడికిలితో సింహాసనాన్ని గుద్దాడు. "పొద్దుటి నుంచి ఈ పళ్ళెం ఇలాగే ఉంది! నా ఉప్పు తిన్నవాళ్ళలో ముందుకు వచ్చేవాడు ఒక్కడూ లేడా?"

పిలుపు వచ్చిందనుకున్నాడు ఎర్రమల్లు. చరచరా నడిచి వెళ్ళి బల్లెం, డాలు, ద్వారం కొమ్ముబూర రాజు పాదాల ముందు పేర్చాడు. తలపాగా విప్పి, మడత చెడకుండా వాటి పక్కన ఉంచాడు. నేల ముట్టేలా వంగి నమస్కరించి, పళ్ళెంలోని తాంబూలం తీసి కళ్ళకద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

సభంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

"ఎవరు నాయనా నువ్వు?" అన్నాడు రాజు.

ఎర్రమల్లు నోట్లో ఆకులు, వక్కలు, కస్తూరి, జాజికాయ, పచ్చకర్పూరం అన్నీ కలిపి గుప్పెడు ఉన్నాయి. మహారాజు ముందు ఉమ్మరాదు. నోరు తెరిస్తే ఎర్రని రసం తివాచీ మీద పడుతుంది. చేత్తో సముద్రద్వారం వైపు చూపించాడు.

"ఆహా! కాపలా కాసేవాడు! సేనానులు వెనకాడిన చోట కాపలావాడు ముందుకొచ్చాడు! ఆయుధాలు కూడా మాకే ఇచ్చి ఒట్టి చేతులతో వెళ్తాడట! చూశావా మంత్రీ?"

'ఒట్టి చేతులతో కాక వాళ్ళ బల్లెం పట్టుకుపోతానా?' అనుకున్నాడు ఎర్రమల్లు. ఏదో తేడాగా అనిపించింది. నమలడం వేగం పెంచాడు.

"వీరుడా, మళ్ళీ తిరిగివచ్చే ఆశ లేదని తెలిసే ఈ తాంబూలం అందుకున్నావా?"

తిరిగివచ్చే ఆలోచన అతడికి నిజంగానే లేదు. రాజు ముందు అబద్ధం ఆడకూడదు. మర్యాదగా తల ఊపాడు.

అంతే! అంతఃపురపు జాలీల వెనక నుంచి స్త్రీల ఏడుపు వినిపించింది. రాజు కిందికి దిగివచ్చి అతడిని కౌగిలించుకున్నాడు. ఎవరో మెడలో సంపెంగల దండ వేశారు. మరెవరో నడుముకు కత్తి కట్టారు. నలుగురు మల్లులు అతడిని అమాంతం భుజాలకెత్తుకుని మేడమీదికి పరుగెత్తారు.

మేడ మీద రాజుగారి భేరుండపక్షి! రెండు తలలు, నాలుగు నిప్పుకళ్ళు, విప్పితే రేవంతా నీడ పరుచుకునే రెక్కలు. ఎర్రమల్లు కంగారుగా ఆకులూ వక్కలూ ఒక్క గుటకలో మింగేశాడు.

"ప్రభూ! నేను సెలవు తీసుకుందామని..."

ఢమఢమలాడే భేరుల మోతలో ఆ మాట ఎవరికీ వినబడలేదు. అతడిని పక్షి వీపుకు పట్టుతాళ్ళతో కడుతున్న మహామంత్రి విశ్వంభరుడు మాత్రం చెవి దగ్గరగా పెట్టాడు.

"ఏమన్నావు?"

"సెలవు, మహామంత్రీ! కొలువు మానుకుంటానని చెప్పుకోడానికి వచ్చాను. మా సీమలో కొలువు వదిలేవాడికే తాంబూలం ఇస్తారు!"

ముసలిమంత్రి ముఖం పాలిపోయింది. "అయ్యో పిచ్చివాడా! మా సీమలో చావుకు తెగించే పని ఒప్పుకున్నవాడు తీసుకునే తాంబూలం అది! నమిలి మింగాక కాదంటే తల తీస్తారు."

"ఏం పని? కనీసం అదైనా చెప్పండి!"

"రేవుగొలుసు దించే శంఖాన్ని నేటి తెల్లవారుజామున భస్మజటి మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఆ శంఖం ఊదితే తప్ప గొలుసు దిగదు. గొలుసు దిగకపోతే ఒక్క ఓడా కదలదు. నువ్వు సెలవు పుచ్చుకున్నా ఏ ఓడెక్కి పోతావు? వెళ్ళు, శంఖం తీసుకురా. నీ సెలవు సంగతి నేను రాజుగారితో..."

మిగిలిన మాట గాలికి పోయింది. భేరుండం రెక్క విసిరింది.

*

కాంస్యపురి కాళ్ళ కింద కంచు గిన్నెలా చిన్నదైపోయింది. మేఘాలు తడి దుప్పట్లలా ముఖానికి కొట్టుకున్నాయి. నడిసముద్రంలో నిప్పులు కక్కే దీవి మీదుగా పోతున్నప్పుడు ఇనుప ముక్కుల రాబందుల గుంపు అటకాయించింది. భేరుండపు కుడితల ఒకదాన్ని, ఎడమతల ఒకదాన్ని పట్టుకుని రెండు తలలూ చెరోవైపు లాగడం మొదలుపెట్టాయి. పక్షి బొంగరంలా తిరిగింది. ఎర్రమల్లు ఒక చేత్తో ఈకలు, ఇంకో చేత్తో కత్తి పట్టుకుని, ఏది ఆకాశమో ఏది సముద్రమో తెలియకుండానే మూడోదాని రెక్క నరికాడు. పట్టుతాళ్ళు కూడా తెగాయి.

"ఇటు చూడు తల్లీ! ఇటు!" అని అరిచాడు. ఎడమతల ఇటు చూసింది, కుడితల అటు చూసింది. నల్లగా, నిటారుగా, పాము పడగలా ఒక శిఖరం పైకి లేచివచ్చింది. భేరుండం దాన్ని చూసి బెదిరి పక్కకు ఒరిగింది. ఎర్రమల్లు జారి, గాలిలో పల్టీలు కొట్టి, మాంత్రికుడి కోట ముంగిట్లో గడ్డివామి మీద పడ్డాడు. మెడలో సంపెంగల దండ చెక్కుచెదరలేదు.

లేచి చూస్తే గోడ మీదా, గడప అవతలా మనుషులు! గబుక్కున కత్తి ఎత్తాడు. ఎవరూ కదలలేదు. అందరూ రాతిబొమ్మలు. గరిటె చేతపట్టుకుని పరుగెత్తుతున్న వంటవాడు, నెత్తిన మూటతో వెనక్కి చూస్తున్న చాకలి, గోడ మీద ఒక కాలు వేసిన గుర్రాలవాడు.

"చెప్పకుండా గడప దాటినోళ్ళు అబ్బీ," అంది ఉరుములాంటి గొంతు.

సింహద్వారం దగ్గర ఒక భూతం కూచుని ఉంది. తాటిచెట్టంత మనిషి, చేటల్లాంటి చెవులు, కాలికి ఇనుప కడియం. ఆ కడియం నుంచి గడపదాకా గొలుసుల మీద గొలుసులు.

"నా పేరు ఘుంఘుమ. ఈ గుమ్మం కాస్తా. దొర నోటితో 'సెలవు' అన్నాడా, కడియం ఊడుద్ది. అనకుండా గడప దాటామా, అదిగో, అలా రాయై పోతాం. మా తాత కాలం నుంచి కాస్తన్నా. నడుం నొప్పెడితే వాల్చుకోడానిక్కూడా చోటు లేదు. నువ్వెందుకొచ్చావు, చావడానికా?"

ఎర్రమల్లు చూపు భూతం భుజం మీదుగా పోయింది. ద్వారం పక్క గూట్లో తెల్లగా, వెన్నముద్దలా శంఖం మెరుస్తోంది. కత్తితో ఈ తాటిచెట్టును కొట్టడం కుదిరే పని కాదు. పడమట సూర్యుడు జారిపోతున్నాడు.

"నేను సెలవు అడగడానికి బయల్దేరాను, భూతం మామా. ఇక్కడికెలా వచ్చానో నాకే అర్థం కావడం లేదు."

"సెలవా!" భూతం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అది అడగడం నీకొచ్చా? నేను అడిగిన ప్రతిసారీ దొర ఇంకో గొలుసు తగిలిస్తాడు."

"ఏమని అడిగావు?"

భూతం లేచి నిలబడి ఛాతీ చరుచుకుంది. "ఒరే బూడిదజుట్టోడా! నీ కూడు పురుగుల కూడు! నీ కోట కాకులు దూరే కొంప! నీ మొహం చూడలేక చస్తన్నా, పోతన్నా! అన్నా."

"అదా అడగడం!" ఎర్రమల్లు నెత్తి కొట్టుకున్నాడు. "పోయేవాడికి తగువెందుకు మామా? కోపం కడుపులో దాచుకో. ముందు ఆయన చేసిన మేలు ఒకటి చెప్పు."

"ఏ మేలూ చెయ్యలా."

"ఆలోచించు."

భూతం ఆలోచించింది. ఆలోచిస్తుంటే కోట గోడలు కంపించాయి. "ఒకసారి చలికాలం... గొంగడి ఇచ్చాడు. చిల్లుది."

"చిల్లు సంగతి వద్దు. గొంగడి చాలు. తరవాత ఎందుకు పోతున్నావో ఒక్క మాటలో చెప్పు. కథలు చెప్పకు. పోయేముందు పని సగంలో వదలను, అన్నీ చూపించి అప్పజెప్పి పోతాను, గుమ్మం ఒక్క పూట కూడా ఖాళీగా ఉండనివ్వను, అను. నీ చోట్లోకి వచ్చేవాడిని నువ్వే దొరకు చూపించు. ఎవరి సొమ్ము వాళ్ళకు ఇచ్చెయ్యి. కొలువు చేరేటప్పుడు ఎంత వంగావో, వదిలేటప్పుడు అంతకంటే జానెడు ఎక్కువ వంగు. ఇదీ మా అవ్వ చెప్పిన తీరు. ఏదీ, నేనే దొరననుకో. అడుగు."

భూతం వంగింది. నుదురు తగిలి ముంగిట్లో గుంట పడింది. "దొరా, తమ కూడు పురుగుల..."

"మామా!"

"...గొంగడి! గొంగడి చాలా వెచ్చన!"

మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. ఎర్రమల్లు లెక్క తేలికైనదే: భూతం సెలవు పుచ్చుకుని పోతే గుమ్మం ఖాళీ, గూట్లో శంఖం తనది. కానీ అప్పటికే ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. పొగ సుడి ఒకటి బురుజు మీంచి దిగి ముంగిట్లో మనిషైంది. నేల మీద ఈడ్చుకుపోయే బూడిదజడలు, రెప్పలు లేని కళ్ళు, చేతిలో ఎముకల కర్ర. భస్మజటి! ఎర్రమల్లు గడ్డివామి వెనక్కి గెంతాడు.

"ఏరా ఘుంఘుమా, ఎవరితోరా ఆ కబుర్లు?"

భూతం జానెడు కాదు, మూరెడు ఎక్కువ వంగింది. "దొరా, ముందుగా తమరి చెవినే ఈ మాట వెయ్యాలని కాసుకున్నా. చలిలో తమరిచ్చిన గొంగడి ఈ జన్మలో మరవను. నా నడుం ఇక కాపలాకు పనికిరాదు. సెలవిప్పించండి. పని సగంలో వదలను. గుమ్మం ఖాళీగా ఉండనివ్వను."

మాంత్రికుడు రెప్పలు లేని కళ్ళతో అటూ ఇటూ చూశాడు. శాపం పెడదామని ఎత్తిన కర్ర గాల్లోనే ఆగిపోయింది. తిట్టినవాళ్ళను ఏం చెయ్యాలో అతడికి తెలుసు. పారిపోయినవాళ్ళను ఏం చెయ్యాలో ఇంకా బాగా తెలుసు.

"నిన్ను ఎవరైనా కొట్టారుట్రా?" అన్నాడు చివరికి.

"లేదు దొరా."

"జ్వరమా?"

"లేదు దొరా. మర్యాద."

భస్మజటి గడ్డం గోక్కున్నాడు. "సరే... గుమ్మం ఖాళీగా ఉండదన్నావుగా? నీ చోట్లోకి ఎవడు?"

భూతం ముఖం వెలిగిపోయింది. నేర్చుకున్న పాఠంలో ఒక్క మాట కూడా అది మరిచిపోలేదు. గడ్డివామిని ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టింది.

"ఇడుగో దొరా. నేనే చూపిస్తన్నా. కాపలా అంటే ఈ అబ్బి తరవాతే ఎవరైనా!"

ఎర్రమల్లు నోరు తెరిచాడు. తాంబూలంతో పండిన పెదవులు, మెడలో దండ, నడుమున కొత్త కత్తి. కొలువులో చేరడానికి వచ్చినవాడు కాడంటే ఎవరు నమ్ముతారు?

"తయారై వచ్చాడే! బాగుంది. ఘుంఘుమా, నీకు సెలవు," అన్నాడు భస్మజటి.

కడియం ఖణేల్మని ఊడింది. భూతం కాలి నుంచి ఎగిరి, గాల్లోనే చిన్నదై, ఎర్రమల్లు కాలికి తగులుకుంది. మాంత్రికుడు ఇంకా అర్థం కానివాడిలా తల ఆడించుకుంటూ పొగై బురుజు మీదికి పోయాడు.

*

మధ్యాహ్నం ఒక కొలువు వదులుకుందామని బయల్దేరినవాడికి సందెవేళకు రెండు కొలువులు! ఎర్రమల్లు కూలబడ్డాడు.

"ఇవి తాళాలు అబ్బీ," అంటోంది భూతం శ్రద్ధగా. "ఈ తలుపు కిర్రుమంటుంది, కొంచెం పైకెత్తి తియ్యి. ఆ గద్దకు మాంసం వెయ్యకు, మరిగి పోనే పోదు. ఇంకేం చెప్పాలి? నీ రుణం తీర్చుకోలేను. కొలువేదీ లేదు, ఇక నే ఎటు పోవాలో తెలీటల్లా." అంటూ ఒక్క అంగలో గడప దాటింది. రాయి కాలేదు. సంతోషం పట్టలేక శిఖరం అంచున గంతులేసింది.

ఎర్రమల్లు తలలో మెరుపు మెరిసింది. తాను గడప దాటలేడు. శంఖం దాటగలదు!

గూట్లోంచి శంఖం తీసి విసిరాడు. భూతం అరచేతిలో పట్టుకుని బెదిరిపోయింది. "వద్దబ్బీ! దొర సొమ్ము!"

"దొర సొమ్ము కాదు మామా, కాంస్యపురి రాజుది. ఎవరి సొమ్ము వాళ్ళకు ఇచ్చి పోవాలని చెప్పలేదూ? సముద్రంలో నడిచి పో. రాజు చేతికి ఇచ్చి, ఎర్రమల్లు సెలవు అడుగుతున్నాడని చెప్పు. గొలుసు దిగాక సరుకుల ఓడ ఒకటి బయల్దేరుతుంది. దాని వెనకే గద్దలమెట్టకు పో. నీకు కొలువు కావాలి. మా అక్క గౌరసానికి కోట గుమ్మంలో నీలాంటివాడు కావాలి. నేను వచ్చేదాకా కరాళవర్మను లోపలికి అడుగు పెట్టనివ్వకు."

"ఏమని చెప్పి చేరాలి?"

"తమ్ముడు పంపాడని చెప్పు. కూడు బాగుంటుంది!"

"గొంగడి?"

"చిల్లు లేనిది!"

భూతం ఘుంఘుమలాడుతూ శిఖరం దిగి సముద్రంలో పడింది. మోకాలి లోతు నీళ్ళలో పోతున్నట్టు పరుగెత్తి, మసకచీకట్లో కలిసిపోయింది.

ఎర్రమల్లు గడప మీద నిలబడి చెవులు రిక్కించాడు. గాలి. అలలు. ఆకాశంలో దారి తెలియక చుట్టూ తిరుగుతున్న భేరుండం. ఎంతసేపు గడిచిందో! అప్పుడు దూరంగా, సముద్రపు అంచు నుంచి సన్నగా, తీయగా శంఖనాదం. దాని వెంటే గొలుసు దిగుతున్న గరగర. రేవు తెరుచుకుంది. ఓడ బయల్దేరింది. తాను ఎక్కాల్సిన ఓడ!

అదే నాదం బురుజు మీదికీ వినబడింది.

"కాపలావాడా!" కోటంతా దద్దరిల్లింది. "నా శంఖం ఎక్కడ మోగుతోందిరా?"

పొగ సుడి గిర్రున దిగుతోంది. కత్తి తీసి లాభం లేదు. పారిపోతే రాయి. ఎర్రమల్లుకు మిగిలిన దారి ఒక్కటే. దండ సర్దుకున్నాడు, ముఖం తుడుచుకున్నాడు, చేరినప్పటికంటే జానెడు ఎక్కువ వంగాడు. అసలు చేరినప్పుడు వంగనే లేదని గుర్తొచ్చి ఇంకో జానెడు కలిపాడు.

"దొరా, ముందుగా తమరి చెవినే ఒక మాట వెయ్యాలని..."

వంగినవాడి చూపు గడప పక్కన తుప్పల చాటుకు పోయింది. అక్కడ ఇంతసేపూ కనబడని రాతిబొమ్మ ఒకటి ఉంది. అది పరుగెత్తడం లేదు. గోడ దూకడం లేదు. గడపకు ఈవలే, ముంగిట్లోనే ఉంది. నడుము వంచి, చేతులు జోడించి నిలబడింది. పాదాల ముందు మడత చెడని రాతి తలపాగా, శుభ్రంగా తోమిన రాతి బల్లెం.

అతడెవరో కానీ, ఎంతో మర్యాదగానే అడిగినట్టున్నాడు. తన చోట్లోకి చూపించడానికి మాత్రం పక్కన ఎవరూ లేరు.

ఎర్రమల్లు వీపు మీద ఎముకల కర్ర చల్లగా ఆనింది.

"ఆగిపోయావేం?" అన్నాడు భస్మజటి. "చెప్పు. వింటున్నాను."